విదేశాలకు బర్త్, మ్యారేజ్ సర్టిఫికెట్లు: హైదరాబాద్‌లో అటెస్టేషన్, అపోస్టిల్ చేయించుకునే దారి

మా చెల్లెలు పెళ్లయ్యాక నెదర్లాండ్స్ వెళ్లాల్సి వచ్చింది. మా బావ అక్కడి నుంచి ఫోన్ చేసి, "బర్త్ సర్టిఫికెట్‌కీ, మ్యారేజ్ సర్టిఫికెట్‌కీ అపోస్టిల్ చేయించి తెచ్చుకోండి. ఇక్కడ మున్సిపాలిటీలో పేరు ఎక్కించాలంటే అవి కావాలట" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అంతకు ముందు వినలేదు. "అంటే పోస్టాఫీసులో వేస్తారా?" అని అడిగింది అమ్మ. అడుగుతూనే బీరువాలోంచి చెల్లెలి బర్త్ సర్టిఫికెట్ తీసి ఇచ్చింది. ఎంత భద్రంగా దాచిందంటే, ఇరవై ఏళ్ల కిందటే కోఠిలో లామినేషన్ కూడా చేయించింది.

ఆ లామినేషన్ దగ్గరే మా కష్టాలు మొదలయ్యాయి. అవి తర్వాత చెప్తాను. ముందు ఈ ముద్ర ఏమిటో తెలియాలి. తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మీ కాగితంలో రాసినదంతా నిజమేనని అపోస్టిల్ గానీ అటెస్టేషన్ గానీ చెప్పవు. ఈ కాగితం మీద ఉన్న సంతకం ఫలానా అధికారిదే, ముద్ర ఆ ఆఫీసుదే అని మాత్రమే చెప్తాయి. మున్సిపాలిటీ అధికారి సంతకాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ధారిస్తుంది. రాష్ట్ర అధికారి సంతకాన్ని ఢిల్లీ తరఫున విదేశాంగ శాఖ నిర్ధారిస్తుంది. విదేశాంగ శాఖ సంతకాన్ని అవతలి దేశం నమ్ముతుంది. అంతా ఒకరి సంతకానికి ఇంకొకరు పూచీ పడే గొలుసు. దీన్ని బట్టి రెండు విషయాలు తేలతాయి. కాగితంలో తప్పుంటే ఎన్ని ముద్రలు వేయించినా తప్పు తప్పుగానే ఉంటుంది. సంతకం ఎవరిదో తేలకపోతే కాగితం ఎంత నిజమైనదైనా వెనక్కి వస్తుంది. నేను చూసినంతలో జనం ముద్ర కోసం పరుగెడతారు, కాగితాన్ని ఎవరూ చదవరు. మేమూ చదవలేదు.

ముందు అడగాల్సింది: ఎవరికి, ఏ దేశానికి?

ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందు, మీ కాగితం ఏ దేశంలో ఎవరి చేతికి వెళ్తుందో రాసి పెట్టుకోండి. యూనివర్సిటీకా, మున్సిపాలిటీకా, కంపెనీ హెచ్ఆర్‌కా, ఇమిగ్రేషన్ ఆఫీసుకా? ఆ ఆఫీసు వెబ్‌సైట్‌లో వాళ్లేం అడిగారో అక్షరం పొల్లు పోకుండా చదవండి. "మా ఫ్రెండు వాళ్లు చేయించుకున్నారు" అన్నది ఆధారం కాదు. వాళ్లది వేరే దేశం కావచ్చు, వేరే వీసా కావచ్చు.

1961 అక్టోబర్ 5న హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. అందులో ఉన్న దేశాల మధ్య ఒక్క అపోస్టిల్ ఉంటే చాలు, రాయబార కార్యాలయం చుట్టూ తిరగక్కర్లేదు. మన దేశంలో ఇది 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. నెదర్లాండ్స్, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, ఆస్ట్రేలియా వంటి దేశాలకు ఈ దారే.

గల్ఫ్ అంటే అంతా ఒకటే అనుకుంటాం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి తరాలుగా వెళ్తున్న కుటుంబాల్లో కూడా ఈ పొరపాటు ఉంది. ఒమన్, బహ్రెయిన్ ఎప్పటినుంచో ఒప్పందంలో ఉన్నాయి. సౌదీ అరేబియాకు 2022 డిసెంబర్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. యూఏఈ, ఖతార్, కువైట్ మాత్రం అందులో లేవు. వాటికి అపోస్టిల్ పనికిరాదు. విదేశాంగ శాఖ సాధారణ అటెస్టేషన్ చేయించి, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా వేయించాలి. దుబాయ్‌కి వెళ్లాల్సిన కాగితానికి అపోస్టిల్ వేయిస్తే ఫీజు, వారం రోజులు రెండూ దండగ.

జర్మనీది ఇంకో కథ. మన దేశం ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది, ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. అందుకే మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. పుట్టుక, పెళ్లి కాగితాల మీద అనుమానం ఉంటే జర్మన్ కాన్సులేట్ తనే ఇక్కడ విచారణ చేయించి నిర్ధారించుకుంటుంది. జర్మనీ వెళ్లేవాళ్లకు ఎవరైనా "అపోస్టిల్ కొట్టించేస్తాం సార్" అంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఇక అమెరికా. హైదరాబాద్‌లో సగం ఇళ్లకు కావాల్సింది ఇదే కాబట్టి కాస్త విడిగా చెప్తాను. గ్రీన్‌కార్డు దరఖాస్తుకు బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు గానీ దానికి అపోస్టిల్ అడగరు. ఇంగ్లిష్‌లో లేని కాగితానికి పూర్తి ఇంగ్లిష్ అనువాదం కావాలి. దానితోపాటు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన అనువాదం" అని అనువాదకుడు సంతకం చేసిన ధ్రువీకరణ ఉండాలి. అంతే. వాళ్లు నిజంగా చూసేది తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయా, పుట్టిన ఊరు ఉందా, రిజిస్టర్ చేసిన తేదీ ఏమిటి అన్నవి. పుట్టి ఇరవై ఏళ్లయ్యాక రిజిస్టరైతే అది ఒక్కటే సరిపోదు, పదో తరగతి మెమో లాంటి పాత ఆధారాలు కూడా అడుగుతారు.

మూల కాగితం ఏ ఊళ్లో ఉంది?

జనన మరణాలు జరిగిన చోట నమోదవుతాయి, మనం ఉండే చోట కాదు. వినడానికి చిన్న విషయమే. కానీ మన తెలుగిళ్లలో ఇదే పెద్ద చిక్కు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది. నాన్న ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, బిడ్డ పుట్టింది మాత్రం నరసరావుపేటలో అమ్మమ్మ ఇంటి పక్క నర్సింగ్‌హోమ్‌లో. ఆ బిడ్డ రికార్డు నరసరావుపేట మున్సిపాలిటీలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో ఎన్ని ఆఫీసులు తిరిగినా దొరకదు. పైగా 2014 జూన్ 2 తర్వాత అది వేరే రాష్ట్రం. రాష్ట్ర స్థాయి ముద్ర కూడా అమరావతి వైపు, వెలగపూడి సచివాలయంలో వేయించుకోవాలి.

నగరంలోనే పుట్టినవాళ్లయితే జీహెచ్‌ఎంసీ పరిధిలోని రికార్డును మీసేవలో అడగొచ్చు. ఇక్కడ కాస్త చరిత్ర గుర్తుంచుకోవాలి. జీహెచ్‌ఎంసీ ఏర్పడింది 2007 ఏప్రిల్‌లో. అంతకు ముందు ఎంసీహెచ్, అంటే హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ఉండేది. కూకట్‌పల్లి, ఎల్‌బీ నగర్, మల్కాజిగిరి, ఉప్పల్, అల్వాల్ వేటికవే మున్సిపాలిటీలు. పాత సర్టిఫికెట్ మీద ఆ మున్సిపాలిటీ పేరు ఉంటే భయపడక్కర్లేదు, ఆ రికార్డులు తర్వాతి సంస్థకే చేరాయి. కానీ కంప్యూటర్లో దొరకకపోతే ఆ ప్రాంతపు సర్కిల్ ఆఫీసుకు వెళ్లి రిజిస్టర్ వెతికించాలి. పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు, అమ్మ పేరు, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్తే వెతికేవాళ్లకు సులువు. ఆసుపత్రి డిశ్చార్జ్ షీటు ఇంకా దాచి ఉంచిన ఇల్లయితే మీరు అదృష్టవంతులు.

తిరుమలగిరి, బోయిన్‌పల్లి వైపు పుట్టినవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ చాలా భాగం సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు కిందికి వస్తుంది, దాని రికార్డు దానిదే. ఆర్మీవాళ్ల పిల్లలు చాలామంది జీహెచ్‌ఎంసీలో వెతికి వెతికి, చివరికి అక్కడ తేలతారు.

రికార్డే లేకపోతే? జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది, 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అంతకు ముందు పుట్టిన పెద్దవాళ్లలో చాలామందికి నమోదే లేదు. అప్పుడు రిజిస్ట్రార్ దగ్గర "రికార్డు లభ్యం కాలేదు" అని సర్టిఫికెట్ తీసుకోవాలి. మామూలుగా దాన్ని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. దానికి తోడు స్కూలు రికార్డు, పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు జతచేస్తే అమెరికా ఇమిగ్రేషన్‌లాంటి చోట్ల పరిశీలిస్తారు. లేదంటే ఆలస్యపు రిజిస్ట్రేషన్ ఉంది. 21 రోజుల్లో చేయించాల్సింది ఏడాది కూడా దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. ఈ రెండిట్లో ఏది తీసుకోవాలన్నది కాగితం అడిగిన దేశాన్ని బట్టి ఉంటుంది. తొందరపడి రెండూ తీసుకోకండి. రికార్డు లేదని ఒక కాగితం, రికార్డు ఉందని ఇంకో కాగితం ఒకే ఫైల్లో కనిపిస్తే అవతలివాళ్లకు లేనిపోని అనుమానం.

పాతది బాగానే ఉన్నా, కొత్త కాపీ తీసుకోమనే నా సలహా. గొలుసు సంగతి చెప్పాను కదా. 1990ల్లో సంతకం పెట్టిన అధికారి ఎప్పుడో రిటైరై ఉంటారు. ఆ సంతకాన్ని పోల్చి చూడటానికి ఇప్పుడు నమూనా ఎక్కడ దొరుకుతుంది? కొత్త కాపీ అయితే ఇప్పటి అధికారి సంతకం ఉంటుంది, తెలుగుతోపాటు ఇంగ్లిష్ కూడా ఉంటుంది, చదవడానికి శుభ్రంగా ఉంటుంది. యూరప్‌లో కొన్ని చోట్ల ఈమధ్య కొన్ని నెలల్లో తీసుకున్న కాపీయే కావాలని అడుగుతారు కూడా.

పేర్లు: ఇక్కడ ఒక పూట కూర్చోండి

పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, ఎస్‌ఎస్‌సీ మెమో, మ్యారేజ్ సర్టిఫికెట్, నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టండి. పెన్సిల్‌తో అక్షరం అక్షరం పోల్చండి. పాస్‌పోర్టునే కొలబద్దగా పెట్టుకోండి, ఎందుకంటే విదేశంలో మీరంటే పాస్‌పోర్టే.

మన పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగు ఎప్పుడూ ఒకటి కాదు. లక్ష్మిని ఒకరు కె-ఎస్-హెచ్ పెట్టి రాస్తారు, ఇంకొకరు ఎక్స్ పెట్టి రాస్తారు. శ్రీనివాస్‌లో రెండు ఈలు ఒకచోట, ఐ ఒకచోట. వెంకటేశ్వర్లు అయితే ఏ గుమాస్తా చేతిలో పడ్డాడన్నదాన్ని బట్టి మారిపోతాడు. మా చెల్లెలి పేరు అంతే: బర్త్ సర్టిఫికెట్‌లో రెండు ఈలు, పాస్‌పోర్టులో ఐ. ఒక్క అక్షరమే కదా అనుకున్నాం. పరాయి దేశపు ఉద్యోగికి తెలుగు రాదు. ఆ రెండూ ఒకే పేరని అతనికి మనం చెప్పలేం, కాగితం చెప్పాలి.

ఇంటిపేరుది మరో గొడవ. పాత బర్త్ సర్టిఫికెట్లలో నాన్న పేరు "ఎన్. రామ్మోహన్" అని ఒక్క ఇనిషియల్‌తో ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి ఉంటుంది. అమ్మ పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, మరోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అలా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను యూఏఈ 2022 నవంబర్ నుంచి సాధారణంగా రానివ్వడం లేదు. అమెరికా వీసాలోనైతే ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట "పేరు తెలియదు" అనే అర్థం వచ్చే మూడక్షరాలు చేరతాయి. ఏ కాగితం సరిచేయాలన్నా ముందు పాస్‌పోర్టు ఎలా ఉండాలో తేల్చుకుని, మిగతావి దాని వెనక నడిపించండి.

పొరపాటును సరిదిద్దే వీలు జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది, 15వ సెక్షన్‌లో. రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టి, ఆధారాలు చూపితే సరిచేస్తారు. అసలు ఎంట్రీని మాత్రం కొట్టేయరు, దిద్దరు. రిజిస్టర్‌లో పక్కన మార్జిన్‌లో సవరణ రాస్తారు. ఆధారంగా ఎస్‌ఎస్‌సీ మెమో బాగా పనికొస్తుంది. పాస్‌పోర్టు, స్కూలు బోనఫైడ్, తల్లిదండ్రుల ఆధార్ కూడా జతచేయండి. తర్వాత తీసుకునే కాపీలో సరైన స్పెల్లింగు వస్తుంది. మా పనిలో ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. అయినా ఇక్కడ పోయిన రోజులు తర్వాత మిగులుతాయి.

కొందరు సవరణ ఎందుకని "ఇద్దరూ ఒక్కరే" అని నోటరీ అఫిడవిట్ చేయించి ఊరుకుంటారు. ఇనిషియల్ విప్పడం లాంటి చిన్న తేడాలకు, అది కూడా అవతలివాళ్లు ఒప్పుకుంటేనే సరిపోతుంది. పుట్టిన తేదీ తేడాకో, పేరే వేరుగా ఉన్నప్పుడో పనికిరాదు.

చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ పుట్టగానే ఆసుపత్రి వాళ్లు నమోదు చేయిస్తారు, బారసాల అప్పటికి కాదు కాబట్టి పేరు గడి ఖాళీగా ఉంటుంది. ఆ తర్వాత పేరు ఎక్కించడం మరిచిపోతారు. నియమాల ప్రకారం దానికి 15 ఏళ్ల గడువు ఉంది. మొదటి ఏడాదిలో అయితే ఫీజు కూడా ఉండదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు స్కూలు, పాస్‌పోర్టు వంటి వాటికి పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే కాబట్టి ఇప్పుడు ఎలాగూ తప్పదు.

పెళ్లి కాగితం

మన ఇళ్లలో పెళ్లి అంటే వెయ్యి మందిని పిలుస్తారు, రిజిస్ట్రేషన్ మాత్రం వీసా టైం వచ్చేదాకా ఎవరికీ గుర్తుకు రాదు. హిందూ వివాహానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్టే విదేశాల్లో చెల్లుతుంది. గుడిలో ఇచ్చిన రసీదు, ఆర్యసమాజం పత్రం పెళ్లి జరిగిందనడానికి ఆధారాలుగా సబ్‌రిజిస్ట్రార్‌కు చూపించడానికి బాగుంటాయి, వాటి మీద నేరుగా ముద్ర పడుతుందని అనుకోకండి.

శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, సాక్షులు. ఇవన్నీ తెలిసినవే. అసలు చిక్కు ఇద్దరూ స్వయంగా రావాలన్న నియమం. పెళ్లి మూడో రోజు సత్యనారాయణ వ్రతం, పదో రోజు అబ్బాయి శంషాబాద్‌లో విమానం ఎక్కడం. మధ్యలో ఒక పనిదినం రిజిస్ట్రేషన్‌కు కేటాయించకపోతే, మళ్లీ అతను సెలవు పెట్టి టికెట్ కొనుక్కుని రావాలి. పెళ్లి ముహూర్తం పెట్టుకున్న రోజే రిజిస్ట్రేషన్ స్లాట్ గురించి కూడా ఆలోచించండి. శుభలేఖలో అచ్చయ్యే పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండేలా చూసుకోండి. "చి. బుజ్జి" అని వేయిస్తే చూడముచ్చటగా ఉంటుంది గానీ ఆఫీసులో అదే ప్రశ్నవుతుంది.

మతాంతర వివాహాలకు, ఒకరు విదేశీయులైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి ముప్పై రోజుల నోటీసు గడువు తప్పదు. రెండు వారాల సెలవు మీద వచ్చి పని ముగించుకుందాం అంటే కుదరదు.

ముస్లిం కుటుంబాల్లో నిఖానామా ఖాజీ దగ్గర నుంచి వస్తుంది, ఎక్కువగా ఉర్దూలో. హైదరాబాద్‌లో దాని ఆధారంగా ఇంగ్లిష్ మ్యారేజ్ సర్టిఫికెట్ నాంపల్లి హజ్‌హౌస్‌లోని వక్ఫ్ బోర్డు ఇస్తుంది. దానితోపాటు నిఖానామా అనువాదం కూడా సిద్ధంగా ఉంచుకుంటే మంచిది. గల్ఫ్‌లో కుటుంబ వీసాకు వెళ్లేవాళ్లు ఖాజీ రికార్డులో వధువు పేరు, తండ్రి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో నిఖా రోజే చూసుకోవడం మేలు. చర్చి పెళ్లిళ్లకూ ఇదే సూత్రం: చర్చి ఇచ్చిన పత్రం ఒక్కటే పట్టుకుని బయల్దేరకుండా, రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ధ్రువీకృత కాపీ తీసుకోండి.

డెత్ సర్టిఫికెట్ దారి బర్త్ సర్టిఫికెట్ దారే. అక్కడి బ్యాంకు, ఇన్సూరెన్స్ పనులకు కావాలంటే ఒకటికి మూడు కాపీలు తీసుకుని మూడింటికీ ముద్ర వేయించండి. విదేశాల్లో పెళ్లి చేసుకోవడానికి అవివాహిత ధ్రువీకరణ కావాలంటే, స్టాంపు పేపర్ మీద అఫిడవిట్, నోటరీ, అక్కడి నుంచి మిగతా గొలుసంతా మామూలే.

రాష్ట్ర ముద్ర

మూల కాగితం చేతికి వచ్చాక మొదటి ముద్ర రాష్ట్ర ప్రభుత్వానిది. పుట్టుక, పెళ్లి, మరణం వంటి వ్యక్తిగత పత్రాలకు సచివాలయంలో సాధారణ పరిపాలన శాఖ, అందరూ జీఏడీ అంటారు. చదువు సర్టిఫికెట్లది విద్యాశాఖ దారి, రెండూ కలిపేయకండి. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త సచివాలయం హుస్సేన్‌సాగర్ ఒడ్డునే. మధ్యలో పాతది కూల్చి కొత్తది కట్టినంత కాలం చాలా ఆఫీసులు బీఆర్‌కే భవన్‌లో ఉండేవి. ఇంటర్నెట్‌లో దొరికే పాత సలహాల్లో ఇప్పటికీ ఆ చిరునామానే కనిపిస్తుంది.

ఒరిజినల్, దాని జిరాక్సులు, పాస్‌పోర్టు జిరాక్సు, కాగితం ఏ దేశానికో చెప్పే దరఖాస్తు పట్టుకెళ్లండి. కాగితం మీది సంతకం నమూనాతో సరిపోలకపోతే, జారీ చేసిన ఆఫీసు నుంచి నిర్ధారణ కావాలంటారు. కొత్త కాపీ తీసుకోమన్నది ఇందుకే.

ఏజెంట్లు ఇంకో దారి చెప్తారు: రాష్ట్రం వద్దు, ఢిల్లీలో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ చేత వేయిద్దాం, త్వరగా అయిపోతుంది. ఆ ముద్ర మీద విదేశాంగ శాఖ అటెస్ట్ చేస్తుంది, అది అబద్ధం కాదు. అయితే కాగితం పుట్టిన రాష్ట్రపు ముద్రే కావాలని అవతలివాళ్లు అంటే మళ్లీ మొదటికొస్తుంది. రాష్ట్రం దారికి రెండు మూడు రోజులు ఎక్కువైనా ఎవరూ వంక పెట్టరు. నేనైతే దాన్నే ఎంచుకుంటాను.

విదేశాంగ శాఖ

ఇక్కడ మామూలు జనానికి తెలియనిది ఒకటుంది. విదేశాంగ శాఖ కౌంటర్ దగ్గరికి మనం నేరుగా వెళ్లి కాగితం ఇవ్వలేం. 2012 నుంచి, ఆ శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటున్నారు. ఆ ఏజెన్సీల పేర్లు, చిరునామాలు, ఫీజులు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ముందు ఢిల్లీకే పంపాల్సి వచ్చేది. 2019 జనవరి నుంచి హైదరాబాద్‌తో సహా మరిన్ని నగరాల్లోనే ఈ పని అవుతోంది. కాగితం ఢిల్లీకి కొరియర్‌లో వెళ్లి రావాల్సిన పని లేదు.

అపోస్టిల్‌కు ప్రభుత్వ ఫీజు కాగితానికి 50 రూపాయలు. దాని మీద ఏజెన్సీ సేవా రుసుము, స్కానింగ్ చార్జీ కలుస్తాయి, అవీ పెద్ద మొత్తాలు కావు. ఎవరైనా ఒక్క కాగితానికి ఆరేడు వేలు అడిగితే, అందులో ఎక్కువ భాగం మీ బదులు లైన్లో నిలబడినందుకు. నిలబడటానికి మీకు తీరిక లేకపోతే ఇవ్వడంలో తప్పు లేదు, కానీ దేనికి ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

అపోస్టిల్ అంటే సాధారణంగా కాగితం వెనక వైపు అతికించే ఒక చదరపు స్టిక్కర్. దాని మీద "అపోస్టిల్" అన్న మాట కింద ఫ్రెంచిలో ఒప్పందం పేరు, పది వరసల్లో వివరాలు: ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో, ఎవరి ముద్ర, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు నిర్ధారించారు, నంబరు ఎంత, ముద్ర, సంతకం. ఈ పదీ చదవండి. సంతకం చేసిన వ్యక్తి గడిలో మీ పేరు ఉండదు, అధికారి పేరు ఉంటుంది. అది చూసి "తప్పు పడింది" అని కంగారుపడే వాళ్లను చూశాను.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు కార్యాలయమే ఇస్తుంది కాబట్టి, దానికి రాష్ట్ర ముద్ర అక్కర్లేదు, నేరుగా ఈ దశకే వస్తుంది.

ఒప్పందంలో లేని దేశాలకు

యూఏఈ, ఖతార్, కువైట్‌కు వెళ్లే కాగితానికి విదేశాంగ శాఖ అటెస్టేషన్ అయ్యాక ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర పడాలి. కుటుంబ వీసాకు మ్యారేజ్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు కలిపి ఒకేసారి ఇవ్వండి. ఒకటి ముందు, ఒకటి వెనక ఇస్తే రెండుసార్లు తిరుగుడు. యూఏఈకి అక్కడ దిగాక కూడా ఒక దశ ఉంది. ఆ దేశపు విదేశాంగ శాఖ తమ రాయబార కార్యాలయం ముద్రను నిర్ధారించాలి, కాగితానికి 150 దిర్హాములు. అది చేయించే దాకా పని పూర్తి కానట్టే. ఇక్కడి ఏజెంటు "అంతా అయిపోయింది" అన్నా నమ్మకండి.

అనువాదం ముందా, ముద్ర ముందా?

సాధారణంగా మూల కాగితానికి ముందు ముద్ర వేయించి, ఆ తర్వాత ముద్రతో సహా అనువాదం చేయిస్తారు. కొన్ని దేశాలకు అనువాదం ఎక్కడ చేయించాలన్నది కూడా పట్టింపే. స్పెయిన్‌కు ఆ దేశం గుర్తించిన ప్రమాణ అనువాదకులే చేయాలి. అలాంటి చోట ఇక్కడ చేయించిన అనువాదానికి ఖర్చు పెట్టడం వృథా. తెలుగులో, ఉర్దూలో ఉన్న పాత కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం తప్పదు. అనువదించేవారికి పాస్‌పోర్టు జిరాక్సు కూడా ఇవ్వండి, పేర్లు అందులో ఉన్నట్టే రాస్తారు.

లామినేషన్ కథ

ఇప్పుడు అమ్మ దాచిన కాగితం దగ్గరికి వద్దాం. స్టిక్కర్ అతికించాలన్నా, ముద్ర కొట్టాలన్నా కాగితం కాగితంలా ఉండాలి, ప్లాస్టిక్ మీద అతుక్కోదు. మేం మొదట వెళ్లిన ఏజెంటు దాన్ని చూసి, "ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే ఊడి వస్తుంది" అన్నాడు. ఊడి వచ్చింది నిజమే. ప్లాస్టిక్‌తోపాటు ఇంకు కూడా వచ్చింది, రిజిస్ట్రార్ సంతకం సగం. మా చెల్లెలు ఒక పూట మాట్లాడలేదు. కొత్త కాపీ తీసుకోవడానికి వెళ్లినప్పుడే ఆ రెండు ఈల సంగతి బయటపడింది. ఆ ఇస్త్రీ పెట్టె పుణ్యాన తప్పు సరిచేసుకున్నాం. లేకపోతే ముద్రలన్నీ తప్పు కాగితం మీదే పడి ఉండేవి.

మీ ఇంట్లో లామినేట్ చేసిన కాగితం ఉంటే ఊడదీయకండి. దాన్ని అలాగే జ్ఞాపకంగా ఉంచుకుని, కొత్త కాపీ తీసుకోండి.

ఏజెంటుకు ఒరిజినల్ ఇచ్చేటప్పుడు ముందూ వెనకా స్కాన్ చేసి పెట్టుకోండి. రసీదు మీద కాగితం పేరు, సీరియల్ నంబరు, ఏ దారిలో చేయిస్తారు, ఎప్పుడిస్తారు రాయించుకోండి. కాగితం తిరిగి రాగానే స్టిక్కర్ మీది నంబరును విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. వివరాలు కనిపించకపోతే మిగతా డబ్బులు ఇవ్వకండి. కాగితాలకు పిన్ను వేసి కట్టి ఇస్తే ఆ పిన్ను తీయకండి. జిరాక్సు తీయడానికి విప్పినా, తిరిగి వేసినా, ఎవరో మధ్యలో కాగితం మార్చారని అవతలివాళ్లు అనుమానించొచ్చు.

మొత్తం పనికి ఎన్ని రోజులు? పేర్లన్నీ కలిసి, కొత్త కాపీ చేతిలో ఉంటే రెండు మూడు వారాలు చేతిలో పెట్టుకోండి. సవరణ అవసరమైతే రెండు నెలల ముందే మొదలుపెట్టండి. మా చెల్లెలి రెండు కాగితాలూ ఆమె ప్రయాణానికి నాలుగు రోజుల ముందు చేతికి వచ్చాయి. అమ్మ వాటిని తీసుకుని, "ఇవి పాడవకుండా..." అని మొదలుపెట్టేలోపే చెల్లెలు లాక్కుని ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టేసింది.